షెడ్డు పైన హుక్ దేనికి వేయాలి? పాత యాంకర్ స్లింగులు, లైఫ్‌లైన్ల మీద సలహా కావాలి

గాజువాక_శీను | మంగళవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రిగ్గింగ్‌లో హెల్పర్‌గా నాలుగేళ్లు చేసి, ఏడు నెలల క్రితం సేఫ్టీ సూపర్‌వైజర్‌గా మారాను. విశాఖలో సముద్రానికి కిలోమీటరు లోపు ఒక పాత గోడౌన్‌కి పైకప్పు రేకులు మార్చే పని నడుస్తోంది. యాంగిల్స్‌తో (ఎల్ ఆకారపు ఇనుప కడ్డీలు) కట్టిన పాత ట్రస్సులు (కప్పు మోసే ఇనుప చట్రాలు), వాటి మీద పర్లిన్లు (రేకులు ఆనే అడ్డ దూలాలు), ఆపైన సిమెంటు రేకులు. చూరు దగ్గర ఎత్తు 6 మీటర్లు, నడికప్పు దగ్గర 8.5. పైన 14 మంది పనిచేస్తున్నారు.

అందరికీ ఫుల్ బాడీ హార్నెస్ (ఒళ్లంతా పట్టే సేఫ్టీ బెల్టు) ఉంది, దానికి డబుల్ హుక్ తాడు ఉంది. ఆ విషయంలో మా కాంట్రాక్టర్ గారిని తప్పుపట్టలేను. నా టెన్షనంతా హుక్ గురించే. ఈరోజు పొద్దున పైకెక్కి చూస్తే పదిమంది హుకులు సాగ్ రాడ్లకు ఉన్నాయి. అదే, పర్లిన్‌కీ పర్లిన్‌కీ మధ్య ఉండే 12 ఎంఎం రాడ్. ఇద్దరైతే పాత కరెంటు పైపుకి తగిలించారు. "ఇదేంటన్నా" అని అడిగితే మేస్త్రీ "హుక్ వేసుకున్నారు కదా, ఇంకేం కావాలి శీనూ" అన్నారు. ఆయన మంచి మనిషి, 20 ఏళ్ల అనుభవం ఉంది. ఆయన ఒప్పుకునేలా చెప్పడం నాకు రాలేదు.

స్టోర్‌లో వెతికితే ఒక గోనెసంచిలో 19 యాంకర్ స్లింగులు (హుక్ వేసుకోవడానికి ఇనుము చుట్టూ తిప్పేవి) దొరికాయి, అన్నీ పట్టీవే. కొన్నింటి మీద పెయింట్ పడింది. ఐదింటికి లేబుల్ లేదు. ఒకదానికి ముడి పడి ఉంది, విప్పుదామంటే రావడం లేదు. ఒక కట్ట 8 ఎంఎం వైర్ రోప్, డబ్బా నిండా బుల్‌డాగ్ క్లిప్పులు (రోప్ కొసని మడిచి బిగించేవి) కూడా ఉన్నాయి.

ఈ స్లింగుల్లో ఏవి వాడొచ్చు, ఏవి పక్కన పెట్టాలి? ఆ రోప్‌తో లైఫ్‌లైన్, అంటే హుకులు తగిలించుకునే అడ్డ తాడు, కట్టొచ్చా? ఆ షెడ్డు మీద హుక్ దేనికి వేయించాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

---

పరవాడ_ఫిట్టర్ | మంగళవారం, రాత్రి 10:05

సాగ్ రాడ్‌కి మాత్రం వద్దు తమ్ముడూ. రేపు పొద్దున పని మొదలవకముందే ఆపించు. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

---

మూర్తి_స్ట్రక్చరల్ | బుధవారం, ఉదయం 6:15

శీను గారూ, మేస్త్రీ గారికి బరువు లెక్కలో చెప్పి చూడండి. ఇనుముతో పని చేసేవాళ్లకు అది వెంటనే అందుతుంది.

2 మీటర్లు పడటానికి మనిషికి పట్టేది 0.64 సెకన్లు. అరె అనేలోపు అయిపోతుంది. అప్పటికి వేగం గంటకు 22 కిలోమీటర్లు. 80 కిలోల మనిషిని ఆ వేగంలో, షాక్ అబ్జార్బర్ (పడినప్పుడు కుట్లు విప్పుకుంటూ దెబ్బ తగ్గించే ముక్క) లేని తాడు 20 సెంటీమీటర్ల దూరంలో ఆపిందనుకోండి. యాంకర్ మీద, అంటే హుక్ వేసిన చోటు మీద, పడే లాగుడు సగటున 880 కిలోల బరువుకు సమానం. ఒక్క క్షణం అంతకన్నా చాలా ఎక్కువ కూడా ఉంటుంది. అబ్జార్బర్ ఉంటే, ఐరోపా ప్రమాణం ఈఎన్ 355 ప్రకారం అది 6 కిలోన్యూటన్లు దాటకూడదు. మన లెక్కలో సుమారు 600 కిలోలు.

అందుకే యాంకర్ పరికరాల ప్రమాణం ఈఎన్ 795లో లోహంతో చేసినవాటిని 12 కిలోన్యూటన్లకు, పట్టీతో చేసినవాటిని 18 కిలోన్యూటన్లకు లాగి పరీక్షిస్తారు. పట్టీకి అంత ఎక్కువ ఎందుకంటే ఎండ, అరుగుదల, పదునైన అంచు దాని బలాన్ని రోజూ కొంచెం కొంచెం తినేస్తుంటాయి. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ఓషా సంస్థ నియమం ఇంకా గట్టిది. తగులుకున్న ఒక్కో మనిషికి 5,000 పౌండ్లు, అంటే దాదాపు 2,270 కిలోలు యాంకర్ మోయాలి. లేదంటే అర్హత ఉన్న మనిషి పర్యవేక్షణలో రెండింతల భద్రతతో డిజైన్ చేసి ఉండాలి.

ఇప్పుడు సాగ్ రాడ్ సంగతి. పర్లిన్ పక్కకు జారకుండా, వంగకుండా పట్టి ఉంచడం దాని పని. పొడవునా లాగితే నిలబడుతుంది. నడిమధ్యన అడ్డంగా లాగితే విల్లులా వంగుతుంది, చివర థ్రెడ్ దగ్గర తెగుతుంది. మీది సముద్రపు గాలి తగిలే చోటు, ఆ థ్రెడ్ల గాడిలోనే తుప్పు ముందు పడుతుంది. కరెంటు పైపు గురించి చెప్పే పనే లేదు, దాని క్లాంపు స్క్రూ పైపు బరువు మాత్రమే మోస్తుంది.

మీ షెడ్డులో నేను ముందుగా చూసే చోటు ట్రస్సు పై మెంబర్ (చట్రంలో పైన ఉండే కడ్డీ), అదీ మెంబర్లు కలిసే జాయింట్ దగ్గర. పర్లిన్‌ని నమ్మొద్దు, పక్కకు లాగితే మెలి తిరుగుతుంది. ట్రస్సునైనా చూడకుండా నమ్మకండి. చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్లండి. బాగున్న ఇనుము ఖంగుమంటుంది. లోపల పొరలు లేచినది మొద్దుగా మోగుతుంది, కింద ఎర్రటి పొక్కులు రాలతాయి. ఆ పొక్కులు గీకేసి మిగిలిన మందం కొలవండి. 6 ఎంఎం యాంగిల్‌లో 4 మిగిలితే లెక్క 4కే వేయాలి.

ఫోటోలు పెట్టండి, చూస్తాను. కానీ నేను ఇక్కడ సరే అన్నంత మాత్రాన దాన్ని సంతకం అనుకోవద్దు. ఒక ఇంజనీరు స్వయంగా ఎక్కి చూసి, ఏ జాయింట్ వాడొచ్చో పెయింట్‌తో గుర్తు పెట్టి కిందికి దిగాలి.

---

జగిత్యాల_రాజన్న | బుధవారం, మధ్యాహ్నం 1:30

శీను తమ్మీ, నేను సౌదీలో జుబైల్ వైపు 16 ఏళ్లుగా స్కాఫోల్డింగ్ పని చేస్తున్నాను. మూర్తి సార్ లెక్క చెప్పారు, నేను జరిగింది చెప్తాను. ఏ సైటో అడగకండి.

పైపుల రాక్ మీద 11 మీటర్ల ఎత్తులో ఉన్నాను. స్లింగ్‌ని ఐ-బీమ్ చుట్టూ తిప్పి, హుక్ వేసుకుని, రెండుసార్లు లాగి కూడా చూశాను. గట్టిగానే ఉంది. కానీ ఆ బీమ్‌ని ఎప్పుడో గ్యాస్‌తో కోశారు, అంచు గరుకుగా ఉంది. దాని కింద ఏమీ వేయలేదు. నిలబడ్డ పలక జారింది. చర్రుమని చినిగిన చప్పుడు వినిపిస్తే నా బట్టలే చినిగాయనుకున్నాను. అబ్జార్బర్ కుట్లు విప్పుకుంటున్న చప్పుడు అది. ఆగిపోయి పైకి చూస్తే, బీమ్ అంచు దగ్గర పట్టీ సగం తెగి, తెల్లటి పోగులు గాలికి ఊగుతున్నాయి. మ్యాన్‌లిఫ్ట్ రావడానికి 20 నిమిషాలు పట్టింది. ఆ 20 నిమిషాలూ నేను ఆ పోగులనే చూస్తూ వేలాడాను. ఇంటి దగ్గర పిల్లలు అప్పుడు మూడో తరగతి, ఒకటో తరగతి.

బీమ్‌కి బలం ఉంది, స్లింగ్‌కి బలం ఉంది, నా హుక్ సరిగ్గానే ఉంది. బీమ్, స్లింగ్ తాకిన చోటే తేడా వచ్చింది. అందుకే పట్టీ స్లింగ్ వేసే ప్రతిచోటా అంచుకు ప్యాడ్ పెట్టించు. కంపెనీ ప్యాడ్ లేకపోతే పాత ఫైర్ హోస్ ముక్కని నిలువునా కోసి తొడిగించు. అంచు మరీ పదునుగా ఉంటే పట్టీ వద్దు, వైర్ స్లింగ్ వాడించు.

ఇంకొక మాట. హుక్‌ని తిప్పి అదే తాడుకి వేసుకోవడం మా వాళ్లలో చాలామందికి అలవాటు. ఆ తాడు అందుకోసం తయారు చేసింది కాకపోతే అలా చేయొద్దు. హుక్ నాలుక మీద పక్క నుంచి బరువు పడితే విరుగుతుంది, లేదా తెరుచుకుంటుంది.

---

సుజాత_సేఫ్టీ | బుధవారం, రాత్రి 8:20

రాజన్న గారూ, మీరు క్షేమంగా ఉండి ఇది చెప్పగలగడం మాకు చాలా పెద్ద విషయం.

శీనూ, స్లింగుల సంగతి నేను చెప్తాను. 11 ఏళ్లుగా నాయుడుపేట, శ్రీసిటీ వైపు ఫ్యాక్టరీల్లో ఇదే పని చేస్తున్నాను.

ముందు ఆ గోనెసంచిని బయటికి తీసుకురా. ట్యూబులైటు కింద చూడొద్దు, పగటి వెలుతురులో తెల్లటి దుప్పటి పరిచి దాని మీద చూడు. మొదట లేబుల్. తయారీదారు, సీరియల్ నంబరు, తయారైన నెల, ప్రమాణం, బలం చదవడానికి రావాలి. లేబుల్ లేని ఆ ఐదింటి గురించి ఆలోచించే పని లేదు, తీసేయి. బాగున్నట్టే కనిపిస్తాయి, కానీ వాటి వయసు ఎవరూ చెప్పలేరు. పట్టీ సామానుకి చాలా కంపెనీలు తయారైన రోజు నుంచి గరిష్ఠంగా 10 ఏళ్లు అంటాయి. ఎండలో వాడేదానికి అంత ఆయుష్షు ఉండదు.

తర్వాత చేత్తో చూడాలి. రెండు చేతుల మధ్య జానెడు పట్టీ పట్టుకుని, తిరగేసిన యు అక్షరంలా వంచు. వంపు పైభాగంలో పోగులు విచ్చుకుంటాయి. తెగినవి ఉంటే పిల్లి మీసాల్లా పైకి లేస్తాయి. చదునుగా ఉన్నప్పుడు ఇవేవీ కనిపించవు. అలా జానెడు జానెడు జరుపుకుంటూ మొత్తం పొడవు చూడు, తిరగేసి రెండోవైపు కూడా చూడు. ఒక స్లింగ్‌కి ఐదు నిమిషాలైనా పట్టాలి. పట్టీ గట్టిపడి గాజులా మెరుస్తుంటే వేడి తగిలిందని అర్థం. రంగు వెలిసి, గోరుతో గీకితే పొడిలా రాలితే ఎండ తినేసింది. కుట్లు సాధారణంగా పట్టీకి వేరే రంగులో ఉంటాయి, తెగిన కుట్టు కనిపించాలనే అలా కుడతారు. ఒక్క కుట్టు తెగినా తీసేయడమే. డి-రింగ్ సాగిందా, గాడి పడిందా, వేలితో తడిమి చూడు.

పెయింట్ పడితే ఏమవుతుందని అందరూ అడుగుతారు. థిన్నర్ పోగులను ఏం చేసిందో కంటికి కనిపించదు. పెయింట్ కింద కోత ఉన్నా కనిపించదు. నేనైతే ఉంచను. ముడి పడినదీ అంతే. ముడి వేస్తే పట్టీ బలం సగం దాకా పడిపోవచ్చు, ఆ మెలిక మీద బరువు పడి ఉంటే లోపల ఏం జరిగిందో తెలియదు.

తీసేసినవాటిని చెత్తబుట్టలో వేయొద్దు. మా దగ్గర ఒకసారి పక్కన పెట్టిన స్లింగ్ వారం తిరక్కుండానే ఒక హెల్పర్ నడుముకి కనిపించింది. పాపం, స్టోర్ మూల పడి ఉంటే బాగుందని తెచ్చుకున్నాడు. అప్పటి నుంచి నా చేత్తోనే రెండు ముక్కలుగా కోసి, లేబుల్ ముక్కని రిజిస్టర్‌లో అంటిస్తున్నాను.

వాడేవాళ్లు రోజూ ఎక్కేముందు చూసుకోవాలి. తెలిసినవాళ్లు కూర్చుని పూర్తిగా తనిఖీ చేసి రాసేది కనీసం 12 నెలలకు ఒకసారి. మీది సముద్రపు గాలి, మూడు నెలలకు ఒకసారి చేయమంటాను. ఒక్కసారి మనిషి పడి ఆపిన స్లింగ్, తాడు, హార్నెస్ ఎంత కొత్తవైనా వెంటనే తీసేయాలి.

---

రాజమండ్రి_ఎరెక్టర్ | బుధవారం, రాత్రి 9:05

మేడం, ఉతకొచ్చా? మా వాళ్లు సర్ఫ్‌లో నానబెట్టి రేకుల మీద ఎండేస్తారు.

---

సుజాత_సేఫ్టీ | బుధవారం, రాత్రి 9:30

ఉతకాలి బాబూ, ఇసుక, సిమెంటు దుమ్ము లోపల చేరి పోగులను ఉప్పుకాగితంలా కోస్తాయి. కానీ ఘాటైన పౌడరు వద్దు. ఒంటికి వాడే సబ్బులాంటి మెత్తటి సబ్బు, 40 డిగ్రీలు దాటని నీళ్లు, మెత్తటి బ్రష్. బ్లీచింగ్, పెట్రోలు, డీజిలు తగలకూడదు. బాగా జాడించి నీడలో, గాలికి వేలాడదీయండి. ఎండలో ఆరబెట్టొద్దు, ఇస్త్రీ చేయొద్దు.

పాలిస్టర్ పట్టీకి క్షారం పడదు, తడి సిమెంటు క్షారమే. నైలాన్‌కి ఆమ్లం పడదు, కాబట్టి బ్యాటరీలు పెట్టే గదిలో ఉంచొద్దు. మా స్టోర్‌లో గోడకి చెక్క కొయ్యలు కొట్టించి ఒక్కోదాన్ని విడిగా వేలాడదీస్తాం. గోనెసంచిలో పడేస్తే తడి ఆరదు.

పట్టీ మీద మార్కర్‌తో పేర్లు కూడా రాయనివ్వొద్దు. ట్యాగ్ కట్టి దాని మీద రాయించండి.

---

రాజమండ్రి_ఎరెక్టర్ | బుధవారం, రాత్రి 9:50

అర్థమైంది మేడం, రేపే మార్పిస్తాను. మూర్తి సార్, మీకొక ప్రశ్న. మేము స్తంభానికీ స్తంభానికీ మధ్య లైఫ్‌లైన్‌గా 8 ఎంఎం వైర్ రోప్ లాగి టర్న్‌బకిల్‌తో (తిప్పి బిగించే మర) వీణ తీగలా బిగిస్తాం. ఎంత బిగిస్తే అంత మంచిది కదా? వదులుగా ఉంటే క్లయింట్ ఇంజనీరు కూడా ఒప్పుకోడు.

---

మూర్తి_స్ట్రక్చరల్ | గురువారం, ఉదయం 6:40

ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న, అడిగినందుకు సంతోషం. బట్టలారేసే తీగ గుర్తు తెచ్చుకోండి. కాస్త వదులుగా ఉన్న తీగ మీద తడి దుప్పటి వేస్తే తీగ కిందికి దిగుతుంది, మేకు నిలుస్తుంది. బిర్రుగా కట్టిన తీగ మీద వేస్తే గోడలో మేకే ఊడి వస్తుంది.

10 మీటర్ల దూరంలో కట్టిన రోప్ మధ్యన మనిషి పడ్డాడు, కిందికి లాగుతున్నది 6 కిలోన్యూటన్లు అనుకుందాం. రోప్ మధ్యన 1 మీటరు దిగితే, ఒక్కో చివర మీద పడే లాగుడు సుమారు 15 కిలోన్యూటన్లు. అదే 30 సెంటీమీటర్లే దిగితే సుమారు 50. ఐదు టన్నులు! 8 ఎంఎం రోప్ తెగే బలమే, రకాన్ని బట్టి, 35 నుంచి 40 కిలోన్యూటన్లు ఉంటుంది. నిజంగా పడినప్పుడు రోప్ కొంత సాగుతుంది, చివరలు కొంత వంగుతాయి కాబట్టి అంకె కాస్త మారుతుంది. కానీ మనిషి లాగినదానికి ఎన్నో రెట్లు చివరి యాంకర్ మీద పడుతుందన్నది మారదు.

అలాగని మీరే ఊరికే వదులు చేయకండి. వదులైతే మనిషి అంత కిందికి దిగుతాడు, నేల తగులుతుంది. అందుకే అడ్డ లైఫ్‌లైన్‌ని సైట్‌లో చూపుతో కట్టేది కాదంటాను. దూరం ఎంత, దిగుడు ఎంత, ఒకేసారి ఎంతమంది అనేది లెక్కగట్టి, చివర అబ్జార్బర్ పెట్టి డిజైన్ చేయాలి. ఎంతమందికి అని రాస్తే అంతమందే.

బుల్‌డాగ్ క్లిప్పుల గురించి కూడా. పళ్లున్న దిమ్మ భాగం బరువు మోసే పొడవు తాడు మీద కూర్చోవాలి, యూ-బోల్టు కోసిన కొస మీద ఉండాలి. తిరగేస్తే యూ-బోల్టు బరువు మోసే తాడునే నలిపేస్తుంది. ఒకటి అటు, ఒకటి ఇటు వేయడం కూడా తప్పే. మూడుకు తగ్గించకండి, తయారీదారు పట్టిక నాలుగంటే నాలుగు వేయండి. మొదటిసారి బరువు పడ్డాక రోప్ కొంచెం సన్నబడుతుంది, నట్లు మళ్లీ బిగించాలి.

---

బాబూరావు_కాంట్రాక్ట్స్ | గురువారం, ఉదయం 11:15

నేను చిన్న కాంట్రాక్టర్‌ని, మనసులో మాట చెప్తాను. మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ చదరపు అడుగు రేటు ముందే ఖాయమైపోతుంది. ప్రతి ట్రస్సు దగ్గరా ఆగి స్లింగ్ మార్చి, ప్యాడ్ తొడిగి వెళ్తే రోజుకి వేసే రేకులు తగ్గుతాయి. కూలీలు కూడా చిరాకుపడతారు. నా మనుషులు క్షేమంగా ఉండాలని నాకూ ఉంది. దారేంటో చెప్పండి.

---

సుజాత_సేఫ్టీ | గురువారం, మధ్యాహ్నం 2:10

బాబూరావు గారూ, కొటేషన్‌లో యాంకర్ల ఏర్పాటుని విడిగా ఒక లైనుగా రాయండి. క్రేన్ అద్దె విడిగా రాస్తున్నారు కదా, ఇదీ అలాంటిదే. రేటులో కలిపేస్తే బేరంలో ముందు పోయేది అదే. విడిగా కనిపిస్తే, వద్దు అనాల్సిన మనిషి తన నోటితో అనాల్సి వస్తుంది. నేను క్లయింట్ వైపు ఉన్నప్పుడు ఆ లైను కొట్టేసినవాళ్లను దాదాపు చూడలేదు.

పని వేగానికి, ఒక బే (రెండు ట్రస్సుల మధ్య భాగం) మొత్తానికి ముందురోజు సాయంత్రమే ఇద్దరు మనుషులు యాంకర్లు కట్టి ఉంచాలి. పొద్దున ఎక్కినవాళ్లు హుక్ మార్చుకుంటూ వెళ్తే చాలు, కట్టే పని వాళ్లది కాదు.

---

నల్గొండ_గౌడ్‌బిడ్డ | గురువారం, సాయంత్రం 6:00

నేను సెల్ టవర్లు ఎక్కుతాను. మా నాయన కల్లు గీయడానికి తాటిచెట్లు ఎక్కేవారు. ఇది చదువుతుంటే ఆయన గుర్తొచ్చి రాస్తున్నాను.

పొద్దున మోకు తీసుకుని ఇంటి ముందు కూర్చుని, దాన్ని వేళ్ల మధ్య నుంచి పోనిస్తూ మొత్తం తడిమి చూసేవారు. మేడం చెప్పినట్టే, జానెడు జానెడు. అప్పుడు ఎవరూ మాట్లాడించకూడదు. చెట్టు దగ్గరికి వెళ్లాక ముందు అరచేత్తో మొదలు మీద కొట్టేవారు. వాన పడి నాచు పట్టిందా, పుచ్చిందా అని. నచ్చకపోతే ఆ రోజు ఆ చెట్టు ఎక్కేవారు కాదు, కల్లు పోతే పోయిందనేవారు. మోకు ఎంత మంచిదైనా చెట్టు మంచిది కాకపోతే లాభం లేదని నాకు ఆయన దగ్గరే తెలిసింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు కిట్లు ఇవ్వడం మొదలుపెట్టాక మా బాబాయికి ఒకటి వచ్చింది. ఆయన ఇప్పుడు దాన్నీ పొద్దున అలాగే తడిమి చూస్తారు.

టవర్ మీద నా పద్ధతి కూడా అదే. హుక్ వేసే ప్రతి యాంగిల్‌నీ ముందు చూస్తాను. డబుల్ హుక్‌లో ఒకటి తీసేముందు రెండోది పడిందో లేదో చప్పుడు విని కాదు, కళ్లతో చూసి నిర్ధారించుకుంటాను.

---

మణికొండ_గ్లాస్‌క్లీనింగ్ | గురువారం, రాత్రి 10:30

హైదరాబాద్ నుంచి. ఇక్కడ అపార్ట్‌మెంట్ల పెయింటింగ్ చూస్తే గుండె ఆగుతుంది. ఉయ్యాల తాడు పిట్టగోడ చుట్టూ తిప్పి కడతారు, లేదా వాటర్ ట్యాంకు స్టాండుకి. పిట్టగోడ చాలాచోట్ల నాలుగంగుళాల ఇటుక గోడే, పక్కకు లాగితే ఆగదు. కూర్చునే ఉయ్యాల తాడు, ప్రాణం పట్టే లైఫ్‌లైన్ రెండూ ఒకే చోట కడితే, ఆ ఒక్కటి పోతే రెండూ పోతాయి. రెండు తాళ్లు, రెండు వేర్వేరు యాంకర్లు. మా కంపెనీలో దీనికి మినహాయింపు లేదు.

యాంకర్ సరిగ్గా తలపైన ఉండాలి. పది అడుగులు పక్కకి వెళ్లి పని చేస్తే, పడినప్పుడు గడియారం లోలకంలా ఊగి గోడకో స్తంభానికో కొట్టుకుంటారు. తాడు తెగకపోయినా ఆ దెబ్బ చాలు.

స్లాబులో కెమికల్ యాంకర్ (రంధ్రంలో జిగురుతో అతికించేది) వేసేవాళ్లకు: రంధ్రంలో దుమ్ము ఊది, బ్రష్‌తో తోమి, మళ్లీ ఊదకపోతే జిగురు కాంక్రీటుకి కాదు, దుమ్ముకి అంటుకుంటుంది. గట్టిపడే సమయం ట్యూబు మీద రాసి ఉంటుంది, ఆలోపు ముట్టుకోవద్దు. తర్వాత లాగి పరీక్షించే పరికరంతో చూపించాకే వాడండి.

---

పరవాడ_ఫిట్టర్ | శుక్రవారం, ఉదయం 7:20

శీనూ, నువ్వు చూరు ఎత్తు 6 మీటర్లు అన్నావు. ఎవరూ ఇది అడగలేదు. తాడు 2 మీటర్లు. అబ్జార్బర్ పూర్తిగా తెరుచుకుంటే 1.75. బెల్టు రింగు నుంచి కాళ్ల దాకా 1.5. కింద ఖాళీ 1 మీటరు. మొత్తం యాంకర్ నుంచి కిందికి 6.25 మీటర్లు ఉండాలి. కాళ్ల దగ్గర హుక్ వేస్తే చూరు దగ్గర నీకు అంత ఎత్తు లేదు. నడికప్పు దగ్గర ఉంది. గోడౌన్ లోపల కింద సరుకు పేర్చి ఉంటే ఇంకా తగ్గుతుంది.

ఆ పాత సిమెంటు రేకు మనిషి బరువుకి పగులుతుంది. రేకు మీద కాలు పెట్టనివ్వకు. రెండు మూడు పర్లిన్ల మీద ఆనేలా పలకలు వేసి వాటి మీదే నడిపించు. వాటిని తడిపి, పగలగొట్టకుండా దించాలి. ఆస్బెస్టాస్ నార ఉంటుంది, మామూలు గుడ్డ మాస్క్ దాన్ని ఆపదు.

---

మూర్తి_స్ట్రక్చరల్ | శుక్రవారం, ఉదయం 7:50

ఫిట్టర్ గారూ, సరైన చోట పట్టుకున్నారు. నేను బలం లెక్కలో పడి ఎత్తు వదిలేశాను. చూరు వైపు రెండు మీటర్ల మేర పనికి అంచు దాకా వెళ్లలేనంత పొట్టి తాడు ఇవ్వాలి, కింద వల కట్టాలి. వల పనిచేసే చోటికి వీలైనంత దగ్గరగా ఉండాలి.

---

జగిత్యాల_రాజన్న | శుక్రవారం, మధ్యాహ్నం 12:45

పడ్డాక దింపేది ఎవరు? అది కూడా రాసుకో తమ్మీ. నేను వేలాడిన 20 నిమిషాల్లో కాళ్లు మొద్దుబారి, చెమటలు పట్టి, కళ్లు తిరిగాయి. కాళ్ల పట్టీలు రక్తాన్ని ఆపేస్తాయి, కదలకుండా వేలాడితే స్పృహ తప్పుతుంది, ప్రాణం మీదికి కూడా వస్తుంది. ఎవరో కింద నుంచి అరిచారు, తాడుని మడతవేసి అందులో కాలు పెట్టి నిలబడమని. అదే నన్ను కాపాడింది. 108కి ఫోన్ చేయడం తప్పనిసరి, కానీ అంబులెన్సు వాళ్లు రేకుల మీదికి ఎక్కరు. నిచ్చెన, లిఫ్ట్, దింపే తాడు, ఇద్దరు నేర్చుకున్న మనుషులు పని మొదలయ్యేటప్పటికే అక్కడ ఉండాలి.

---

గాజువాక_శీను | మంగళవారం, రాత్రి 9:15

వారం రోజులుగా రాయలేకపోయాను, క్షమించండి. ఏం జరిగిందో చెప్తాను.

బుధవారం పొద్దున మొదటి పోస్టులు చూసి పని ఆపించాను. కాంట్రాక్టర్ గారు ముందు ఒక పూట అన్నారు, తర్వాత రెండు రోజులు ఒప్పుకున్నారు. క్లయింట్ తరఫు ఇంజనీరు ఎక్కి సుత్తితో తట్టుకుంటూ వెళ్లి, మొదటి బేలో 12 జాయింట్లకు పచ్చ పెయింట్ వేశారు. మూడింటికి ఎర్ర గుర్తు పెట్టారు. ఆ మూడూ సముద్రం వైపువే. చూరు కింద వల కట్టించాం. వైర్ రోప్ లైఫ్‌లైన్ ప్రస్తుతానికి వద్దన్నారు, డిజైన్ వచ్చాకే అన్నారు.

స్లింగులను దుప్పటి మీద పరిచి చూస్తుంటే మేస్త్రీ వచ్చి పక్కన కూర్చున్నారు. పెయింట్ పడిన ఒకదాన్ని "ఇది నేనే తెచ్చాను, బాగుంది" అంటూ చేతిలోకి తీసుకున్నారు. మేడం చెప్పినట్టు వంచమన్నాను. వంచారు. పెయింట్ పొర చిట్లి, దాని కింద వేలి గోరంత కోత తెరుచుకుంది. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వంచుతూనే మిగతావన్నీ ఆయనే చూశారు. 19లో 13 తీసేశాం. కత్తి ఆయనే అడిగి తీసుకుని కోశారు. లేబుళ్లు ఉన్నవాటివి రిజిస్టర్‌లో అంటించాను. ఎనిమిది కొత్తవి, ప్యాడ్లతో సహా, శనివారం వచ్చాయి.

నిన్న పొద్దున టూల్‌బాక్స్ టాక్‌లో (పనికి ముందు అందరికీ చెప్పే సేఫ్టీ మాటలు) నేను మొదలుపెట్టకముందే ఆయన ఒక కుర్రాడిని నిలబెట్టి అడిగారు: "హుక్ వేశావా అని అడగట్లేదురా. దేనికి వేశావో చూపించు."

మిగిలింది రెస్క్యూ. దింపే తాడు కిట్ కొనడానికి ఒప్పుకున్నారు, నేర్పించే మనిషి కావాలి. విశాఖలో ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. మూర్తి సార్, రెండో బే ఫోటోలు రేపు సాయంత్రం పెడతాను. అక్కడ ఒక ట్రస్సు కాలి దగ్గర బేస్ ప్లేటే సరిగ్గా కనిపించడం లేదు, మట్టి తీయించి చూస్తున్నాం.

---

మూర్తి_స్ట్రక్చరల్ | మంగళవారం, రాత్రి 9:40

పెట్టండి. మట్టి తీశాక బోల్టులకు దగ్గరగా ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఒకటి తీయండి. చూసేదాకా ఆ ట్రస్సుకి ఎవరినీ హుక్ వేయనివ్వకండి.